నంది కొండకు అటూ ఇటూ ఉన్న పరిగెలు రెండు జాతులేనా? మంచినీటి చేపల్లో కొత్త జాతి పుట్టే తీరు

అడిగినది క్లుప్తంగా ఇదీ: హిందూపురం దగ్గర పెన్నాలో పట్టిన పరిగె అనే చిన్న చేపలకీ, బెంగళూరు పడమట అర్కావతిలో పట్టిన పరిగెలకీ ఒంటి రంగులో, తోక మొదట్లో ఉండే మచ్చలో తేడా కనిపిస్తోంది. రెండు నదులూ నంది కొండల దగ్గరే పుట్టి చెరో దారి పట్టాయి కదా, మరి ఇవి రెండు జాతులుగా చీలిపోయాయా? అసలు మంచినీటి చేపల్లో కొత్త జాతి ఎలా పుడుతుంది, ఎన్నేళ్లు పడుతుంది? మారతహళ్లి ఫ్లాట్‌లో ఉన్న మూడడుగుల ట్యాంకులో ఆ పని జరిగేలా చేయొచ్చా?

చివరిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: చేయలేరు. కానీ ఆ ట్యాంకుతో మొదటి ప్రశ్నకు సగం జవాబు మీరే రాబట్టొచ్చు. అదెలాగో కింద రాశాను.

కొత్త జాతి అంటే మారిపోయిన చేప అని చాలామంది అనుకుంటారు. మార్పు కంటే ముఖ్యమైనది తెగిపోవడం. ఒక గుంపు చేపలు ఇంకో గుంపుతో జతకట్టడం మానేసినా, జతకట్టినా పుట్టిన పిల్లలు నిలదొక్కుకోకపోయినా, అప్పుడవి రెండు జాతులు. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ నిర్వచనానికి మినహాయింపులు చాలానే ఉన్నాయి గానీ, పని మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచిది లేదు. ట్రినిడాడ్ దీవిలో జాన్ ఎండ్లర్ 1976లో ఒక ప్రయోగం చేశాడు. గప్పీ అనే చిన్న అక్వేరియం చేపలను తినే పెద్ద చేపలున్న చోటు నుంచి కొన్ని గప్పీలను, ఆ పెద్ద చేపలు లేని ఒక పిల్లవాగులోకి మార్చాడు. దాదాపు రెండేళ్లలో, అంటే ఇంచుమించు పదిహేను తరాల్లో, మగ గప్పీల ఒంటిమీద రంగుమచ్చలు పెరిగాయి, పెద్దవయ్యాయి. కళ్లముందు జరిగిన పరిణామమే అది. అయినా అవి గప్పీలే. కింది వాగు చేపలతో కలిపితే మామూలుగానే పిల్లలు పుడతాయి. గోల్డ్‌ఫిష్ సంగతీ అంతే. చైనాలో సుమారు వెయ్యేళ్లుగా పెంచి ఉబ్బిన కళ్లు, జంట తోకలు, తలమీద కండ తెప్పించారు. అన్నీ కలిపినా ఇప్పటికీ ఒకటే జాతి. రంగు, ఆకారం ఎంత మారినా జన్యువుల రాకపోకలు తెగకపోతే జాతి చీలదు. మీ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ ఒక్క సంగతి మరవకండి.

మంచినీటిలో ఈ రాకపోకలు తెగడం సులువు. సముద్రమంతా ఒకటే నీరు. నది అలా కాదు. ఒక పరీవాహక ప్రాంతంలోని చేపకు పక్క పరీవాహక ప్రాంతం పది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, మధ్యలో ఎండిన గట్టు ఉంటుంది, చుట్టు తిరిగి పోదామంటే ఉప్పునీళ్లు అడ్డం. భూమ్మీది మొత్తం నీటిలో నదులు, సరస్సుల వాటా లెక్కలోకి రానంత తక్కువ. అయినా తెలిసిన చేపజాతుల్లో దాదాపు సగం వాటిలోనే ఉన్నాయి. తెగిన నీటిముక్కలు అన్నన్ని ఉండబట్టే ఇది సాధ్యమైంది.

ఆ ముక్కలు ఏర్పడే దారుల్లో మన దక్షిణాదికి బాగా వర్తించేది ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చూడాలి. కుద్రేముఖ్ కొండల్లో గంగామూల అనే చోటుంది. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ అక్కడే పుడతాయి. తుంగభద్రలు కలిసి కృష్ణలో పడి బంగాళాఖాతం చేరతాయి, నేత్రావతి మంగళూరు దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. పడమటి వైపు కొండవాలు నిటారు, వాన ఎక్కువ. కాబట్టి పడమటి ఏరు తన తల వైపు కొండను కోసుకుంటూ వెనక్కి జరుగుతుంది. జరిగి జరిగి ఒకనాటికి గట్టు తెగి, తూర్పుకు పారే వాగు పైభాగాన్ని తనలో కలిపేసుకుంటుంది. దీన్ని నదీ అపహరణ అంటారు. ఆ వాగులో ఉన్న చేపలు ఉన్నచోటే ఉండి, ఒక నది నుంచి ఇంకో నదికి మారిపోతాయి. కింద మిగిలిపోయిన బంధువులతో ఇక కలయిక ఉండదు. కొండల ఎగువ వాగుల్లో చేపజాతులు ఎందుకలా చిక్కుముడిగా పంచబడి ఉన్నాయో దీన్నిబట్టే చాలావరకు అర్థమవుతుంది.

దుకాణాల్లో మిస్ కేరళ పేరుతో అమ్మే ఎర్రగీత చేపనే చూడండి. దీన్ని 1865లో వర్ణించారు. చాలకుడి నదిలో ఉన్న దాని దగ్గరి చుట్టాన్ని, వీపురెక్క మీద నల్లమచ్చ ఉన్నదాన్ని, 1999లో వేరే జాతిగా గుర్తించారు. ఇప్పుడు రెండూ సహ్యాద్రియా అనే ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) ఉన్నాయి. డాకిన్సియా పరిగెలదీ ఇదే కథ: కావేరి వైపు అరులియస్ ఉంటే, తిరునెల్వేలి వైపు తామ్రపర్ణిలో తాంబ్రపర్నీ అనే వేరే జాతి ఉంది. రెండింటిలోనూ మగచేపకు వీపురెక్క కిరణాలు దారాల్లా సాగుతాయి. నది మారితే సాగే తీరూ, మచ్చల అమరికా మారతాయి. కొర్రమీను కుటుంబంలో ఇంకా పాఠం చెప్పే ఉదాహరణ ఉంది. కేరళ నదుల చన్నా డిప్లోగ్రామాకు 1865లో పేరు పెట్టి, 1878లో ఆగ్నేయాసియా పెద్ద కొర్రమీనుతో కలిపేశారు. అది నిజంగా వేరే జాతేనని తేలింది 2011లో. చూపుకు ఒకేలా ఉన్నవి వేరు జాతులు కావచ్చు, తేడాగా కనిపించేవి ఒకే జాతి కావచ్చు. రెండు వైపులా పొరపాటు పడే వీలుంది.

ఎంత తెగితే తెగినట్టు? జన్యుశాస్త్రంలో సీవల్ రైట్ లెక్క ఒకటుంది. ఎంపిక ఒత్తిడి (బతకడానికి పనికొచ్చే లక్షణాలే నిలవడం) లేకుండా కేవలం యాదృచ్ఛికంగా రెండు గుంపులు వేరవుతుంటే, తరానికి ఒక్క చేప అటు నుంచి ఇటు వచ్చి పిల్లల్ని కన్నా చాలు, ఆ వేరవడం దాదాపు ఆగిపోతుంది. గుంపులో వెయ్యి చేపలున్నా లక్ష ఉన్నా ఇదే లెక్క. పరిగెకు తరం అంటే ఏడాదో ఏడాదిన్నరో. పెద్దవాన వచ్చిన ఏడు గట్టు మీదుగా నాలుగు చేపలు దాటినా పని చెడిపోతుందన్నమాట. రెండు వైపులా బతుకు బాగా వేరైతే, అంటే ఒకచోట వడి నీళ్లు, మరోచోట బురద మడుగు అయితే, ఎంపిక బలంగా ఉండి ఈ కలయికను తట్టుకుని కూడా చీలిక సాగొచ్చు. అది అరుదు.

ఇప్పుడు నంది కొండల దగ్గరికి వద్దాం. మన పెన్నా అంటే ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, అర్కావతి, చిత్రావతి ఆ చుట్టుపక్కలే పుడతాయి. బెంగళూరు నగరం కూడా సరిగ్గా గట్టు మీద కూర్చుంది: పడమట పడ్డ వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతే, మీ మారతహళ్లి వైపు పడ్డది బెళ్లందూరు, వర్తూరు చెరువుల గుండా దక్షిణ పినాకినికి పోతుంది. మ్యాపు మీద గీత స్పష్టం. నేల మీద మాత్రం ఈ పీఠభూమి గట్లు చాలాచోట్ల చదునుగా ఉంటాయి, పైగా తరతరాలుగా తవ్విన గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు అలుగు పారి ఇంకోదానిలోకి పోతుంది, గట్టు పైన ఉన్న చెరువు నిండితే నీళ్లు రెండు వైపులా పారే వీలుంది. కొర్రమీను, మార్పు అనే మీసాల చేప లాంటివి గాలి పీల్చుకుని తడినేల మీద పాకి పోగలవు. మడుగుల్లో, చెరువుల్లో హాయిగా బతికే పరిగె కూడా అడ్డంకులను మామూలు కొండవాగు చేప కంటే సులువుగా దాటుతుంది. కాబట్టి కొత్త జాతి కోసం వెతకాల్సిన చోటు మైదానపు పరిగె కాదు. చల్లటి వడి నీళ్లలో రాతికి అతుక్కుని బతికే చేపలు గట్టు దాటలేవు, కింది బురదనీళ్లలో బతకలేవు. పశ్చిమ కనుమల్లో కొత్త జాతులు వరసగా బయటపడుతున్నది ఎక్కువగా అలాంటి చోట్లే.

ఇంకా గట్టిగా తెగిన నీళ్లు భూమి కింద ఉన్నాయి. కేరళలో ఎర్రమురం రాయి లోపలి నీటిలో హోరాగ్లానిస్ అనే వేలెడంత కూడా లేని గుడ్డి జెల్లలు ఉంటాయి. కళ్లు లేవు, ఒంటికి రంగు లేక నెత్తురు ఎరుపు బయటికి కనిపిస్తుంది. బావులు తవ్వినప్పుడు, తోడినప్పుడు బయటపడతాయి. 2023లో వర్ణించిన హోరాగ్లానిస్ పాపులీకి ఆ పేరు పెట్టింది ప్రజల గౌరవార్థమే, ఎందుకంటే బావుల్లో కనిపించినవాటిని గుర్తించి చెప్పింది ఊరి జనమే.

తెగిన తర్వాత లోపల ఏం జరుగుతుంది? తేడా పెరగడం ఒక్కటే కాదు, పొసగకపోవడం కూడా మొదలవుతుంది. కలిసి పనిచేసే రెండు జన్యువులున్నాయనుకోండి. ఒక నదిలో మొదటిది మారింది, పాత రెండోదానితో సర్దుకుపోయింది. ఇంకో నదిలో రెండోది మారింది, అదీ పాత మొదటిదానితో సర్దుకుపోయింది. ఏ నదిలోనూ ఏ చేపకూ నష్టం లేదు. కానీ కొత్త మొదటిది, కొత్త రెండోది ఒకే చేప ఒంట్లో ఎప్పుడూ కలిసి లేవు. ఎన్నో వేల తరాల తర్వాత రెండు నదుల చేపలు జతకడితే, ఆ పిల్లల్లో అవి మొదటిసారి ఎదురుపడతాయి. బేట్‌సన్, డాబ్‌జాన్‌స్కీ, ముల్లర్ అనే జన్యుశాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పిన సూత్రమిది.

దీనికి అక్వేరియం వాళ్లందరికీ తెలిసిన చేపల్లోనే రుజువుంది. ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ దగ్గరి చుట్టాలు, ట్యాంకులో కలుస్తాయి. కొన్ని ప్లాటీల వీపురెక్క మీద నల్లటి మచ్చలుంటాయి. ఆ మచ్చల జన్యువుకు ఆనుకుని ఎక్స్‌మార్క్ అనే జన్యువుంది, నల్లకణాలను పెంచమని పురిగొల్పుతుంది. ప్లాటీలో దాన్ని అదుపులో ఉంచే జన్యువు వేరే క్రోమోజోమ్ మీద ఉంది. స్వోర్డ్‌టెయిల్‌కు రెండూ లేవు, అవసరమూ లేదు. మచ్చల ప్లాటీని స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే మచ్చ వచ్చిన పిల్లల్లో నలుపు ఎక్కువగా పరుచుకుంటుంది గానీ బతుకుతాయి. ఆ పిల్లను మళ్లీ స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే వచ్చే సంతానంలో సుమారు సగానికి మచ్చ ఉండదు. పావు వంతుకు మచ్చ, అదుపు రెండూ వస్తాయి, నలుపు ఒక మోస్తరుగా ఉంటుంది. మిగతా పావు వంతుకు మచ్చ వస్తుంది, అదుపు రాదు. వాటికి నల్లటి గడ్డలు లేచి మెలనోమా క్యాన్సర్ వస్తుంది. 1920ల చివర నుంచి శాస్త్రవేత్తలు దీన్ని పరిశీలిస్తున్నారు. పనికొచ్చే పాఠం: రెండు గుంపులను కలిపి మొదటి తరం పిల్లలు చలాకీగా ఈదుతున్నాయని ‘ఒకే జాతి’ అని తేల్చేయకూడదు. రెండో తరం, వెనక్కి కలిపిన తరం చూడాలి. ఫ్లవర్‌హార్న్‌ను కొత్త జాతి అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. ఆ అక్వేరియం చేప, సిక్లిడ్ అనే కుటుంబానికి చెందిన కొన్ని అమెరికా చేపలను కలిపి మనుషులు చేసిన సంకరం. ప్రకృతిలో తనంతట తాను ఏర్పడిన గుంపు కాదు.

సంకరం నుంచి జాతి రాదని కాదు. అమెజాన్ మోలీ అనే చేప రెండు మోలీ జాతుల సంకరం నుంచి పుట్టి, ఆడవి మాత్రమే ఉండి, సుమారు లక్ష ఏళ్లుగా తనను తానే నకలు చేసుకుంటూ వస్తోంది. మన బంగారు తీగ (కామన్ కార్ప్) చేపకు 100 క్రోమోజోములుంటాయి, రోహుకు 50. రెండు పాత జాతుల జన్యుసంపద మొత్తంగా ఒకదానిలో కలిసిపోవడం వల్ల బంగారు తీగ వంశంలో ఆ సంఖ్య రెట్టింపయింది. ఇలాంటివి ఉన్నాయి, కానీ మీ పరిగెల విషయంలో వీటి అవసరం కనిపించదు.

నది తెగకుండానే, ఒకే సరస్సులో జాతులు చీలడం అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కింద ఎండిపోయి మళ్లీ నిండింది. ఇప్పుడక్కడ దాదాపు 500 సిక్లిడ్ జాతులు. అంత వేగం ఎలా వచ్చిందనేదానికి 2017లో ఒక గట్టి జవాబు దొరికింది: కాంగో వైపు వంశం, ఎగువ నైలు వైపు వంశం ముందే కలిసి సంకరమయ్యాయి. రెండు వంశాల పాత జన్యురూపాలు కలిసిన రాశి చేతిలో ఉండటంతో, కొత్త మ్యుటేషన్ల కోసం కాచుకోకుండానే కొత్త కలయికలు ఏర్పడ్డాయి. వాటిలో పుండమీలియా అనే జంటను దగ్గరగా చూడండి. ఒక జాతి మగచేప నీలం, గట్టు దగ్గర తక్కువ లోతులో ఉంటుంది. రెండోదాని మగచేప ఎరుపు, ఇంకొంచెం లోతులో ఉంటుంది. ఆ నీళ్లలో లోతుకు పోయేకొద్దీ నీలికాంతి తగ్గి ఎరుపు మిగులుతుంది. లోతు చేపల కంటిలో ఎరుపును బాగా పట్టే వర్ణకం ఉంది, తక్కువ లోతు చేపల కంటిలో దాని ఇంకో రూపం. తన కంటికి ఎరుపు చక్కగా కనిపించే ఆడచేప ఎర్ర మగదాన్ని కోరుకుంటుంది. కన్ను, కాంతి, జత ఎంపిక మూడూ ఒకే వైపు లాగాయి కాబట్టి గట్టు లేకుండానే గోడ లేచింది. ల్యాబులో రంగు తేడా తెలియకుండా చేసే నారింజ వెలుతురు పెడితే ఆడచేపలు తేడా పట్టించుకోలేదు. సరస్సులోనూ నీరు మురికిపట్టి చూపు ఆనని చోట్ల రెండు రంగుల మధ్య రకాలు కనిపిస్తాయి. మురుగు చేరి కాంతి మారితే జాతుల మధ్య గోడ కూలుతుందన్నమాట.

ఇక కామెరూన్‌లోని బరోంబి ఎంబో. దాదాపు రెండున్నర కిలోమీటర్ల వెడల్పున్న అగ్నిపర్వత బిలం సరస్సులో 11 సిక్లిడ్ జాతులు, ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఒకే మూలం నుంచి అక్కడే చీలాయని 1994లో డీఎన్ఏ ఆధారంతో చెప్పారు. తర్వాత మొత్తం జన్యురాశి చదివితే, నది చేపలు మధ్యలో మళ్లీ వచ్చి కలిశాయని తేలింది. నికరాగువాలోని అపోయో సరస్సులో నడినీటిలో ఈదే సన్నటి చేప ఒకటి, అడుగున తినే లావు చేప ఇంకొకటి పాతిక వేల ఏళ్లలోపే వేరయ్యాయి. ఇలాంటి చోట్ల గోడ కట్టేది తిండి. అడుగున పురుగులు తినే నోరు, నడినీటిలో ప్లవకాలను ఏరుకునే నోరు వేర్వేరుగా ఉండాలి, మధ్యరకం నోరున్న సంకరానికి రెండు చోట్లా కడుపు నిండదు. కెనడా పడమటి తీరంలో ఈనోస్ సరస్సులో ముళ్లచేపల జంట ఇలాగే సుమారు పదివేల ఏళ్లలో వేరైంది. బయటి నుంచి క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవి చేరిన తర్వాత, 1990ల నుంచి, కొద్ది తరాల్లోనే రెండూ కలిసిపోయి ఒకే సంకర గుంపుగా మిగిలాయి.

కాలం విషయంలో ఒకే అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. కనుమల చేపల్లో లక్షల నుంచి కోట్ల ఏళ్లు, విక్టోరియాలో వేల ఏళ్లు. తెగడం ఎంత పూర్తిగా ఉంది, ఎంపిక ఎంత బలంగా ఉంది, పాత వైవిధ్యం చేతిలో ఎంత ఉంది, ఈ మూడింటిని బట్టి మారుతుంది.

మీ చేపల సంగతి తేల్చుకోవడం ఇలా. మొదట, రెండూ ఒకే రకం పరిగె అవునో కాదో చూడండి. పరిగె అనే ఒక్క పేరు కింద చాలా జాతులున్నాయి. 2012లో దక్షిణాసియా పుంటియస్ ప్రజాతినే విడగొట్టి పుంటియస్, పేథియా, డాకిన్సియా, సిస్టోమస్ వగైరాలుగా చేశారు. చేతి లెన్సుతో వీపురెక్క మొదట్లో, చీలని కిరణాల్లో చివరిదాన్ని వెనక వైపు నుంచి చూడండి. రంపపు పళ్లుంటే పేథియానో సిస్టోమసో, నున్నగా ఉంటే పుంటియసో డాకిన్సియానో. మూతి దగ్గర మీసాలు లెక్కపెట్టండి: లేవా, రెండా, నాలుగా. సిస్టోమస్ సరానాకు నాలుగుంటాయి. పక్కగీత వెంట పొలుసులు లెక్కించండి, అది తోక దాకా పోయిందా మధ్యలో ఆగిందా రాసుకోండి. కొలతలు మూతి నుంచి తోకరెక్క మొదలు దాకా ఉన్న పొడవుకు శాతంగా వేయాలి, తోకరెక్క చివర దాకా కాదు, ఎందుకంటే ఆ చివర తరచూ తెగి ఉంటుంది. ఒక్కో చోటికి కనీసం 20 చేపలు, ఆడవీ మగవీ, ఒకే సైజువి ఉండాలి. పిల్లచేపను పెద్దదానితో పోలిస్తే కన్ను ఎప్పుడూ పెద్దగానే కనిపిస్తుంది, అది జాతి తేడా కాదు. వానాకాలం మొదట్లో పట్టిన మగచేపను ఎండాకాలపు చేపతో పోల్చినా ఇదే పొరపాటు.

రంగు దగ్గర మరీ జాగ్రత్త. ఎరుపు, నారింజ రంగుల కెరోటినాయిడ్లను చేప తనంతట తాను తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. నలుపు అయితే అడుగునేలను బట్టి కొద్ది రోజుల్లోనే ముదురుతుంది, పలచబడుతుంది. వృషభావతి మురుగు కలిసే అర్కావతి నీళ్లకూ, పెన్నా ఇసుక మడుగుకూ ఈ రెండింటిలోనూ తేడా ఉంటుంది. మీరు చూసింది ఆ తేడానే అయ్యుండొచ్చు. తేల్చే పరీక్ష ఒక్కటే: రెండు చోట్ల చేపల గుడ్లను ఒకే రకం నీటిలో పెంచి చూడటం. ఒక్కో నది నుంచి కనీసం ఎనిమిది పది జతలు కావాలి, లేకపోతే మీరు ఒక కుటుంబం పోలికలనే నది పోలికలనుకుంటారు. పరిగెలు గుడ్లు చల్లేసి వాటినే తినేస్తాయి కాబట్టి ట్యాంకు అడుగున గోళీలో వలో పరిచి, జావా నాచు వేసి, గుడ్లు పడగానే పెద్దవాటిని తీసేయండి. 26 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. ఈదడం మొదలుపెట్టాక ముందు ఇన్ఫ్యూజోరియా (కంటికి ఆననంత చిన్న నీటిజీవులు), వారం తర్వాత ఆర్టీమియా (ఉప్పునీటి చిన్నరొయ్య) పిల్లలు మేతగా వేయండి. ఒక్కో నదికి మూడు చిన్న ట్యాంకులు పెట్టండి. ఒక్కో ట్యాంకే పెడితే, వచ్చిన తేడా నదిదో ట్యాంకుదో చెప్పలేం. మీ మూడడుగుల ట్యాంకును అడ్డుపలకలతో విడగొడితే చాలదు, నీరు ఒకదానిలోంచి ఒకదానిలోకి పోతుంది, గుడ్లూ పోతాయి. దాన్ని పెద్ద చేపలకు ఉంచుకోండి. అడుగున ఒకే రంగు ఇసుక, ఒకే మేత, ఒకే వెలుతురు. అయిదారు నెలల తర్వాత కూడా మచ్చ తేడా అలాగే నిలిస్తే అది జన్యువుల్లో ఉన్నట్టు. పోతే నీటిదీ తిండిదీ. నిలిచినంత మాత్రాన జాతి వేరని కాదు, గప్పీల సంగతి పైన చూశాం.

జత ఎంపిక కూడా చూడాలంటే, మధ్యలో ఆడచేప, అటూ ఇటూ గాజుపలకల వెనక ఒక్కో నది మగచేప. పావుగంట అలవాటు పడనిచ్చి, ఇరవై నిమిషాలు ఎటువైపు ఎంతసేపుందో రాయండి. తర్వాత మగవాటిని చోట్లు మార్చి మళ్లీ చూడండి, ఎందుకంటే కొన్ని ఆడచేపలు మగదాన్ని కాదు, ట్యాంకులో ఒక మూలనే ఇష్టపడతాయి. ఒకే ఆడచేపను పదిసార్లు పెట్టి పది ఫలితాలని లెక్కవేయకూడదు. గాజు వెనక చేప వాసన తెలియదు, తోకతో కొట్టే తాకిడి తెలియదు. అందుకే ఇందులో తేడా రాలేదంటే తేడా లేదని అర్థం కాదు.

డీఎన్ఏకు, లవంగ నూనెతో మత్తిచ్చిన చేప కుడివైపు రెక్క నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క చాలు. ఎడమవైపు ఫొటోకూ కొలతలకూ ఉంచాలి. ముక్క 95 శాతం ఆల్కహాల్‌లో ఉండాలి, ఒక రోజు తర్వాత ఆల్కహాల్ మార్చాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. సాధారణంగా చదివేది సీఓఐ అనే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్క. రెండు శాతం దాటిన తేడా ఉంటే అనుమానించాల్సిందే, అయితే అది నియమం కాదు. విక్టోరియా జాతుల మధ్య ఆ ముక్కలో తేడా దాదాపు కనిపించదు. పైగా మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది, తండ్రి వైపు సంకరం అందులో కనిపించదు. అందుకే కేంద్రక జన్యువులూ చూడాలి. డేటాబేస్‌లో తప్పు పేర్లతో ఎక్కించిన వరుసలూ ఉంటాయి, మొదట కనిపించిన పేరు రాసేసుకోకండి.

వీటన్నిటికంటే ముందు చూడాల్సినది, మీ పెన్నా చేప నిజంగా పెన్నా చేపేనా అని. కర్నూలు–కడప కాలువ 19వ శతాబ్దం నుంచి తుంగభద్ర నీటిని పెన్నా వైపు తెస్తోంది. తెలుగుగంగ కృష్ణా నీటిని సోమశిల, కండలేరు మీదుగా చెన్నై పక్క పూండి దాకా తీసుకుపోతోంది. హంద్రీ–నీవా శ్రీశైలం నీళ్లను అనంతపురం వైపు చెరువుల్లో నింపుతోంది. తెరిచిన కాలువలో నీళ్లొస్తే చేపలూ వస్తాయి. రోహు, బొచ్చె పిల్లలను చెరువుల్లో వదిలేటప్పుడు వేరే నది పరిగెలు కూడా వాటిలో కలిసి రావచ్చు. కాబట్టి పట్టిన చోటు కాలువ కలిసే చోటుకు పైనా కిందా అన్నది జీపీఎస్ అంకెతో సహా రాసి ఉండాలి, లేకపోతే తర్వాత ఎంత ఖర్చు పెట్టి డీఎన్ఏ చదివించినా జవాబు అర్థం కాదు.

కావేరిలో దీని నష్టం కనిపిస్తోంది. మూపు ఎత్తుగా ఉండి యాభై కిలోలు దాటి పెరిగిన మహసీర్ కావేరి పరీవాహకంలో తప్ప ఎక్కడా లేదు. దాని చుట్టమైన నీలిరెక్క మహసీర్‌ను హేచరీల్లో పెంచి అదే నదిలో వదులుతూ వచ్చారు. అసలు చేపకు తోర్ రెమాదేవీ అనే శాస్త్రీయ నామం వర్తిస్తుందని 2018లో తేల్చేనాటికి అది తీవ్రంగా అంతరించిపోయే దశకు చేరింది. అందుకే మీ ప్రయోగం ముగిశాక ఏ చేపనూ, ఏ పిల్లనూ వర్తూరు చెరువులో గానీ మరెక్కడా గానీ వదలొద్దు, సంకర పిల్లలనైతే మరీను. ఎవరికీ ఇవ్వొద్దు, అమ్మొద్దు, చివరిదాకా ట్యాంకుల్లోనే ఉంచండి.

అభయారణ్యం, రిజర్వు అడవిలో అనుమతి లేకుండా వల వేయకండి. తేడా నిలిచిందని తేలితే హైదరాబాద్ అత్తాపూర్‌లో భారత జంతుసర్వేక్షణ సంస్థ మంచినీటి జీవశాస్త్ర కేంద్రం ఉంది, చెన్నైలో దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఫొటోలు, పట్టిన చోటు వివరాలు ముందు పంపి, ఆ తర్వాత నమూనాల సంగతి అడగండి. కొత్త జాతి అని ప్రకటించాలంటే నమూనా చేపను ఇలాంటి సంస్థలో భద్రపరచి, వర్ణన ప్రచురించాలి. ఫొటో పెట్టి పేరు పెడితే చెల్లదు. సీసాలో వేసే చీటీని మాత్రం పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అతికించిన కాగితం ఊడిపోతుంది.